మేతలో కలిపిన మందు చేప పేగులో ఏం చేస్తుంది? – పాఠకుల ప్రశ్నలకు జవాబులు

తొలకరి పడగానే చెరువు రైతుల నుంచి ఉత్తరాలు ఎక్కువవుతాయి. ఈసారి వచ్చిన వాటిలో చాలా ప్రశ్నలు యాంటీబయాటిక్ పొడుల చుట్టూనే తిరిగాయి కాబట్టి, మిగిలిన విషయాలను వచ్చే సంచికకు వాయిదా వేసి శీర్షిక మొత్తాన్ని దానికే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర పల్లె. రెండెకరాల చెరువులో రవ్వ, బొచ్చె, బంగారు తీగ పెంచుతున్నాను. మందుల దుకాణంలో చెప్పిన ప్రకారం నెలకు ఒక వారం ఆక్సీటెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ పొడిని తవుడు, పల్లి చెక్కలో కలిపి పెట్టాను. చేపలు బాగానే ఎదిగాయి. కానీ రెండు పెద్ద వానలు పడ్డాక ఒంటి మీద ఎర్ర మచ్చలతో, పొట్టలు ఉబ్బి చనిపోవడం మొదలైంది. జబ్బు రాకముందే మందు వాడినా ఇలా ఎందుకు జరిగింది? మోతాదు పెంచమంటారా?

జవాబు: మోతాదు పెంచకండి; పెడుతున్నది కూడా ఇవాళే ఆపండి. ముందు జాగ్రత్త అనుకొని మీరు పెట్టిన మందు, చేపకు పుట్టుకతో ఉన్న కాపలాను బలహీనపరిచి ఉండే అవకాశం ఉంది. అది ఎలాగో తెలియాలంటే కాసేపు చేప పొట్టలోకి వెళ్ళాలి.

మీరు పెంచే మూడూ కార్ప్ జాతి చేపలే. వీటికి కడుపు, అంటే ఆమ్లం ఊరే సంచి, ఉండదు. కొర్రమట్టకు ఉంటుంది గానీ రవ్వకు ఉండదు. తిండితో పాటు లోపలికి వచ్చే సూక్ష్మజీవులను మన కడుపులోని ఆమ్లం చాలావరకు అక్కడే చంపేస్తుంది. రవ్వకు ఆ వడపోత లేనందువల్ల నాచు, బురద, తవుడు, వాటిని అంటుకొని ఉన్న చెరువులోని సూక్ష్మజీవులు అన్నీ నేరుగా పేగులోకే దిగుతాయి. పైగా ఆ పేగు చేప పొడవుకు ఎన్నో రెట్లు ఉంటుంది. కిలో రవ్వను కోసి, పేగు చుట్టలను తెగకుండా విప్పి పళ్ళెం అంచు వెంబడి పేర్చి చూడండి, పళ్ళెం చుట్టూ తిరిగి ఇంకా మిగులుతుంది. అంత పొడవున్న గోడను ఆ జీవి రాత్రింబవళ్ళు కాచుకోవాలి.

ఆ గోడ లోపలి పొర మందం ఒక్క కణమే. దాని మీద జిగురు పొర ఉంటుంది. కణాల వరుసలో అక్కడక్కడా ఉండే గోబ్లెట్ కణాలు దానిని ఊరిస్తుంటాయి. సూక్ష్మజీవులను గోడకు తగలకుండా ఆపేది మొదట ఈ జిగురే. మనుషుల పేగులో రోగనిరోధక కణాలు గుంపులుగా చేరే గడీల వంటి చోట్లు ఉంటాయి. చేపకు అవి లేవు. దాని కాపలా కణాలు గోడ పొడవునా చెదిరి ఉంటాయి. కార్ప్ చేపలలో పేగు వెనుక భాగానికి మరో పని కూడా ఉంది: అక్కడి కణాలు సూక్ష్మజీవుల ముక్కలను పట్టి లోపలున్న మాక్రోఫేజ్ కణాలకు, అంటే సూక్ష్మజీవులను మింగే కాపలా కణాలకు, అందిస్తాయి, శత్రువు ఎవరో శరీరం గుర్తుపట్టడం అక్కడ మొదలవుతుంది. 2005లో చేపలలో ఐజీటీ అనే యాంటీబాడీ (సూక్ష్మజీవులను పట్టుకొనే ప్రోటీన్) బయటపడింది; కార్ప్ కుటుంబంలో దానినే ఐజీజెడ్ అంటారు. మన పేగులో ఐజీఏ అనే యాంటీబాడీ చేసే పనిని చేప పేగులో ఇది చేస్తుందని, పేగులోని బాక్టీరియాను చుట్టుకొని అదుపులో పెడుతుందని 2010లో రెయిన్‌బో ట్రౌట్ మీద జరిగిన పరిశోధనలో తేలింది.

ఇంత కాపలా ఉన్నా పేగు ఖాళీగా ఉండదు, ఉండకూడదు కూడా. అక్కడ కాపురముండే బాక్టీరియాలో ఎక్కువ భాగం చేపకు మేలు చేసేవే. ఉదాహరణకు కార్ప్, తిలాపియా వంటి మంచినీటి చేపల పేగులో తరచుగా కనిపించే సెటోబాక్టీరియం విటమిన్ బీ12ను తయారు చేస్తుంది. ఇంకొన్ని మేతలోని పిండి పదార్థాలను పులియబెట్టి, పేగు కణాలకు పనికివచ్చే కొవ్వు ఆమ్లాలను విడుదల చేస్తాయి. అన్నిటికన్నా పెద్ద మేలు, అవి చోటు ఆపి పెట్టడం. వరంగల్ బస్టాండులో బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి సీటు మీద తువ్వాలు వేసినట్టు, మంచి బాక్టీరియా పేగు గోడ వెంబడి చోటునూ తిండినీ ముందే పట్టుకొని ఉంటుంది. వెనకాల వచ్చిన రోగకారికి నిలబడడానికి చోటు దొరకదు. అంతేకాదు, రోగనిరోధక శక్తికి పాఠం చెప్పేదీ ఇదే. అసలు సూక్ష్మజీవులే లేకుండా పెంచిన జీబ్రాచేప పిల్లలలో పేగు కణాలు మామూలు వేగంతో కొత్తవి పుట్టవని, రోగనిరోధకతకు సంబంధించిన కొన్ని జన్యువులు సరిగా పనిచేయవని 2004లోనే ప్రయోగంలో చూపారు.

ఇప్పుడు మీ పొడి సంగతి. ఆక్సీటెట్రాసైక్లిన్ కార్ప్ చేపల రక్తంలోకి చాలా తక్కువగా ఎక్కుతుంది. మేతలోని కాల్షియం, మెగ్నీషియంలతో ముడిపడి అందులో ఎక్కువ భాగం పేగు దాటకుండానే మలంతో బయటికి పోతుంది. రక్తానికని పెట్టిన మందు పేగులోనే ఉండిపోతుందంటే, దాని దెబ్బ మొదట తగిలేది అక్కడ కాపురమున్న బాక్టీరియాకే. తువ్వాళ్ళన్నీ ఒక్కసారిగా ఊడ్చుకుపోతాయి. మందు ఆపాక అవి తిరిగి కుదురుకోవడానికి రోజులు చాలవు, వారాలు పడుతుంది. మీరు మళ్ళీ నెల తిరగగానే ఊడ్చేశారు. జీబ్రాచేపలకు ఇలాంటి మందులను ఎక్కువకాలం తగలనిచ్చి చేసిన ప్రయోగాలలో పేగు బాక్టీరియా రకాలు మారిపోయాయి, గోబ్లెట్ కణాలు తగ్గాయి, ఆ తర్వాత ఏరోమోనాస్ అనే రోగకారి బాక్టీరియా ఎక్కించినప్పుడు మందు తగలని చేపలకన్నా ఎక్కువ చనిపోయాయి. ఇది మీ బంగారు తీగకు కొత్త సంగతేమీ కాదు: ఆక్సీటెట్రాసైక్లిన్ ఆ చేపలో రోగనిరోధక ప్రతిస్పందనను అణచివేస్తుందని నెదర్లాండ్స్ పరిశోధకులు 1980లోనే ప్రచురించారు. టెట్రాసైక్లిన్ మందులు బాక్టీరియాలో ప్రోటీన్ తయారీని ఆపడం ద్వారా పనిచేస్తాయి. మన కణాలలోనూ చేప కణాలలోనూ ఉండే మైటోకాండ్రియాలో ప్రోటీన్ తయారీ బాక్టీరియాను పోలినదే కాబట్టి, వేగంగా విభజన చెందవలసిన రోగనిరోధక కణాలకు కూడా కొంత దెబ్బ తగలడంలో ఆశ్చర్యం లేదు.

మరి ఎదుగుదల ఎందుకు బాగుంది? రైతును మోసం చేసేది ఇదే. పేగులో బాక్టీరియా తగ్గితే వాటి వాటా మేత కూడా చేపకే మిగులుతుంది, కాపలాకు అయ్యే ఖర్చు తగ్గుతుంది, బరువు పెరుగుతుంది. కోళ్ళకు, పందులకు పెరుగుదల కోసం యాంటీబయాటిక్ పెట్టే అలవాటు ఇలాగే పాకింది. యూరోపియన్ యూనియన్ దానిని 2006లో పూర్తిగా నిషేధించింది. జీతగాళ్ళను మాన్పించి మిగిలిన డబ్బుతో ఇల్లు కళకళలాడుతున్నట్టు కనిపించడం లాంటిది ఇది. దొంగ వచ్చిన రోజున గానీ తేడా తెలియదు.

మీ చెరువులో ఆ రోజు రెండు వానల తర్వాత వచ్చింది. వాననీటితో చెరువు ఒక్కసారిగా చల్లబడుతుంది, గట్ల మీది మట్టి కొట్టుకువచ్చి నీరు మురికవుతుంది, మబ్బు పట్టిన రోజులలో నాచు ఆక్సిజన్‌ను సరిగా తయారు చేయదు, అడుగు బురద కదిలి ఉన్న ఆక్సిజన్‌ను కూడా తినేస్తుంది. చేప ఒత్తిడికి లోనయ్యే సమయం అది. పొట్ట ఉబ్బు, ఎర్ర మచ్చలు అన్నప్పుడు ముందుగా అనుమానించవలసిన ఏరోమోనాస్ హైడ్రోఫిలా ఎక్కడినుంచో వచ్చేది కాదు. చెరువు నీటిలోనూ ఆరోగ్యంగా ఉన్న చేప పేగులోనూ కొద్దిగా ఉండేదే. మామూలు రోజులలో చుట్టూ ఉన్న బాక్టీరియా, జిగురు, యాంటీబాడీలు కలిసి దానిని అణచి ఉంచుతాయి.

అయితే ఉత్తరం చదివి జబ్బు పేరు తేల్చడం నా వల్ల కాదు. ఎర్ర మచ్చలకు మూలం చేప పేను, అంటే ఆర్గులస్, కుట్టిన గాయం కావచ్చు. దాన్ని కంటితోనే చూడవచ్చు, రెక్కల మొదట్లో గోరు అంచంత చదునుగా, గాజులా అంటుకొని ఉంటుంది. చలికాలంలో లోతైన పుండ్లుగా కనిపించే ఈయూఎస్ జబ్బుకు మూలం అఫనోమైసిస్ అనే బూజులాంటి జీవి. ఈ రెంటికీ యాంటీబయాటిక్‌తో పని లేదు. తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తుంటే అది ఊపిరాడక పడే అవస్థ. దానికి కావలసింది కొత్త నీరు, ఏరియేటర్.

ఒకటి ఆలోచించండి. పాకాల ఆయకట్టులోని ఒక చెరువుకు కిందటేడు పొద్దున్నే వెళ్ళాను. రైతు నీలం డ్రమ్ములో బెల్లం నీళ్ళు పోసి, పొడి కలిపి, ఆ నీటితో తవుడు తడిపి, రంధ్రాలు పొడిచిన సంచుల్లో నింపి వెదురు గడలకు కట్టాడు. సంచుల కింద నీళ్ళు కుతకుత ఉడుకుతున్నట్టు చేపలు మూగాయి. నాలుగు బారల దూరంలో, గట్టు పక్కన తుంగలో, ఒళ్ళు నల్లబడ్డ ఆరేడు రవ్వలు తల గడ్డిలో పెట్టుకొని నిలబడి ఉన్నాయి. మేత వాసనకు అవి తిరిగి కూడా చూడలేదు. జబ్బు చేపకు మొదట పోయేది ఆకలి. మేతలో కలిపిన మందు ఎక్కువగా తినేది ఆరోగ్యంగా ఉన్న చేపే. దాని పేగే దెబ్బతింటుంది, తుంగలో ఉన్నదానికి మందు అందనే అందదు. జబ్బు ఏదో తేలి, ఏ మందుకు లొంగుతుందో పరీక్షలో తెలిసి, చేపల మంద ఇంకా తింటున్న దశలో పశువైద్యుడు రాసిన మోతాదును రాసిన రోజులు పూర్తిగా పెడితే యాంటీబయాటిక్ ప్రాణాలు కాపాడుతుంది. నేను దానికి విరోధిని కాను. నెలవారీ పెట్టడానికే విరోధిని.

ఇప్పుడు చేయవలసింది: చనిపోయిన చేపలను రోజూ ఏరి, చెరువుకు దూరంగా సున్నం వేసి పాతిపెట్టండి. మేతను సగానికి తగ్గించండి. నీటి పీహెచ్ చూసి అవసరమైతేనే సున్నం చల్లండి. జిల్లా మత్స్య శాఖ కార్యాలయానికి చేపలను చూపించి, ఇంతవరకు పెట్టిన మందు సంగతి దాచకుండా చెప్పండి. అది తెలియకపోతే పరీక్ష ఫలితానికి అర్థమే మారిపోతుంది.

ప్రశ్న: మేతలో కలిపితే పేగుకు హాని అంటున్నారు కదా, పొడిని నేరుగా నీళ్ళలో చల్లితే సరిపోదా? – భూపాలపల్లి నుంచి ఒక పాఠకుడు

జవాబు: సరిపోదు, డబ్బు మాత్రం పోతుంది. మంచినీటి చేప నీళ్ళు దాదాపు తాగదు. దాని ఒంటిలో లవణాలు బయటి నీటికన్నా ఎక్కువగా ఉండడం వల్ల నీరు మొప్పల ద్వారా దానంతటదే లోపలికి వస్తుంటుంది, కాబట్టి నీళ్ళలో మందు వేస్తే చేప తాగుతుందనుకోవడం పొరపాటు. పైగా మన ప్రాంతపు బోరు నీటిలో కాల్షియం ఎక్కువగా ఉండే చోట్ల ఆక్సీటెట్రాసైక్లిన్ దానితో ముడిపడి పని చేయకుండా పోతుంది. మిగిలినది కొంత ఎండకు విరిగిపోతుంది, కొంత అడుగు బురదలో చేరి చాలాకాలం ఉంటుంది. బురదలో తవ్వి తినే బంగారు తీగకు, మోసుకు ఆ కొద్ది మోతాదు రోజూ నోట్లోకి వెళ్తూనే ఉంటుంది. జబ్బును చంపలేనంత తక్కువ, పేగులోని బాక్టీరియాను కలవరపెట్టేంత ఎక్కువ. మొండి బాక్టీరియాను తయారు చేయడానికి ఇంతకన్నా అనువైన పద్ధతి లేదు.

ప్రశ్న: ప్రోబయాటిక్ పొడి కలిపితే మందు వల్ల పోయిన బాక్టీరియా తిరిగి వస్తుందా? రెండూ కలిపి పెట్టవచ్చా? – జనగామ

జవాబు: రెండూ కలిపి పెట్టడమంటే ఒక చేత్తో నాటు వేసి ఇంకో చేత్తో పీకడమే. యాంటీబయాటిక్ పెట్టే రోజులలో ప్రోబయాటిక్ వద్దు. కోర్సు ముగిశాక మొదలుపెట్టండి.

తిరిగి వస్తుందా అంటే, పూర్తిగా కాదు. ప్యాకెట్లలో దొరికేది ఎక్కువగా బాసిల్లస్ అనే బాక్టీరియా రకాలు. చేప పేగులో అవి స్థిరపడి కాపురం చేసేది తక్కువ. పెట్టినన్నాళ్ళు ఉండి, ఆపగానే క్రమంగా వెళ్ళిపోతాయి. అయినా ఆ ఉన్న కాలంలో జీర్ణరసాలు అందిస్తాయి, రోగకారులకు అడ్డం పడతాయి, పేగు కణాలను మేల్కొల్పుతాయి. కాబట్టి పోయిన కాపురాలు తిరిగి కుదురుకునేదాకా కాపలాకు పెట్టిన కూలీలుగా వాటిని లెక్కించండి. ప్యాకెట్ మీద బతికి ఉన్న కణాల సంఖ్య, తయారైన తేదీ చూడండి. రేకుల షెడ్డులో ఎండాకాలమంతా పడి ఉన్న ప్యాకెట్‌ను నేనైతే కొనను. బాసిల్లస్ విత్తుల రూపంలో వేడిని ఓర్చుకుంటుంది గానీ అన్ని రకాలూ అలా కావు, తేమ తగిలితే అదీ పోతుంది.

ఈస్ట్‌తో తవుడు పులియబెట్టి పెట్టే పద్ధతి మీద నాకు మంచి అభిప్రాయమే ఉంది. ఈస్ట్ కణాల గోడలో ఉండే బీటా గ్లూకాన్‌ను చేప మాక్రోఫేజ్ కణాలు గుర్తించి చురుకవుతాయి. కానీ నెలల తరబడి ఆపకుండా పెడితే ఆ చురుకుదనం మళ్ళీ మొద్దుబారుతుంది. పులిసిన వాసన కమ్మగా ఉండాలి. కుళ్ళు వాసన వస్తే, నల్ల బూజు పడితే, బెల్లానికి పెట్టిన డబ్బు చూసుకోకుండా పారబోయండి.

ప్రశ్న: మృగశిర కార్తె నాడు మా ఇంట్లో చేపలు వండడం ఆనవాయితీ. మందు పెట్టిన చేపలు తింటే ఆ మందు మాకూ వస్తుందా? పేగు తీసేస్తే చాలా? – హనుమకొండ నుంచి ఒక గృహిణి

జవాబు: పేగు ఎలాగూ తీసేస్తారు, మందు కోర్సు నడుస్తున్న చేపలో ఎక్కువ భాగం మందు అందులోనే ఉంటుంది కాబట్టి అది మంచిదే. కానీ రక్తంలోకి ఎక్కిన కొంత కండలో, కాలేయంలో, ఎముకలో, పొలుసులలో ఉంటుంది. అది ఒంటినుంచి పోవడానికి పట్టే కాలం నీటి వేడిమి మీద ఆధారపడుతుంది. యూరప్‌లో చాలాకాలం పాటించిన లెక్క 500 డిగ్రీ-రోజులు: అంటే నీటి ఉష్ణోగ్రతను రోజుల సంఖ్యతో గుణిస్తే 500కు తగ్గకూడదు. జూన్‌లో మన చెరువు నీరు 30 డిగ్రీలు ఉంటే 17 రోజులు, చలికాలంలో 20 డిగ్రీలు ఉంటే 25 రోజులు. మృగశిరకు ధర బాగుంటుందని మే చివరివారంలో మందు పెట్టి, కార్తె నాటికి వల వేస్తే ఆ గడువు నిండదు. ఈ మాట మీకన్నా అమ్మేవారికి ఎక్కువ వర్తిస్తుంది.

వండితే ఆక్సీటెట్రాసైక్లిన్ కొంత విరిగిపోతుంది గానీ దాని మీదే భరోసా పెట్టుకోవద్దు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ మందులనైతే చేపల పెంపకంలో వాడనే కూడదు. మనుషులకు చివరి అస్త్రంగా దాచుకున్న కొలిస్టిన్‌ను మన దేశంలో 2019లో ఆహార జంతువులన్నిటికీ నిషేధించారు. మీ వంటింటికి సంబంధించి మందు అవశేషంకన్నా ముందు చూసుకోవలసింది, పేగు కోసిన కత్తి, పీట, చేతులు. మందుకు లొంగని బాక్టీరియా పులుసు మరిగితే చస్తుంది. అదే కత్తితో కోసిన పచ్చి ఉల్లిగడ్డ మీద చావదు.

ప్రశ్న: మాది మత్స్య సహకార సంఘం చెరువు. పై ఊరి చెరువును పట్టుకున్నాయన మందులు విపరీతంగా వాడుతున్నాడు. మా చేపలకు ఏమైనా నష్టమా? – హుజూరాబాద్

జవాబు: మీవి గొలుసుకట్టు చెరువులైతే నష్టమే. పై చెరువు మత్తడి దూకిన నీళ్ళే మీ చెరువుకు వస్తాయి. ఆ నీటితో బురద, దానిలో మందుకు అలవాటుపడ్డ బాక్టీరియా కూడా వస్తాయి. బాక్టీరియా తన మొండితనపు జన్యువులను ప్లాస్మిడ్‌లు అనే చిన్న డీఎన్ఏ ఉంగరాల రూపంలో పక్క బాక్టీరియాకు, వేరే జాతిదానికైనా, అందించగలదు. రకరకాల బాక్టీరియా కిక్కిరిసి ఉండే చేప పేగు ఆ ఇచ్చిపుచ్చుకోవడాలకు అనువైన చోటు. మీరు ఒక్క గ్రాము వాడకపోయినా, రేపు నిజంగా అవసరమై వాడిన రోజున మందు పని చేయకపోవచ్చు. అదే నీళ్ళు తూము గుండా పొలాలకు పోతాయి, బర్రెలు తాగుతాయి.

ఆయనతో తగవుకన్నా లెక్క మాట్లాడండి. నార్వే సాల్మన్ రైతులు 1987లో దాదాపు 50 టన్నుల యాంటీబయాటిక్ వాడారు. టీకాలు వచ్చాక, చేపల ఉత్పత్తి ఎన్నో రెట్లు పెరుగుతూనే, 1990ల మధ్యకల్లా అది ఒకటి రెండు టన్నులకు పడిపోయింది. మనది సాల్మన్ కాదు, సముద్రమూ కాదు, నిజమే. మన చెరువులో ఆ పని ఎకరానికి వేసే పిల్లల సంఖ్య తగ్గించడంతో, ఎండాకాలంలో అడుగు బురద తీయించడంతో, దూరం నుంచి లారీలో వచ్చిన పిల్లలను ఉప్పు నీటిలో ముంచి వేరే కుంటలో కొన్నాళ్ళు చూసి వదలడంతో మొదలవుతుంది. మీ మత్తడి కాలువకు సన్న కన్ను జాలీ కట్టుకుంటే పై చెరువు జబ్బు చేపలైనా లోపలికి రావు. బాక్టీరియాను అది ఆపదు.

ప్రశ్న: పరీక్షకు చేపను ఎలా తీసుకుపోవాలి? – పరకాల

జవాబు: చచ్చి తేలినదాన్ని తీసుకుపోకండి, మన ఎండకు గంటలోనే కుళ్ళు బాక్టీరియా పేగునంతా ఆక్రమిస్తుంది, అసలు రోగకారి కనిపించదు. జబ్బు లక్షణాలు ఉండి ఇంకా కదులుతున్న చేపలు మూడు నాలుగింటిని చెరువు నీళ్ళతోనే ఆక్సిజన్ నింపిన సంచిలో వేసి, పొద్దున్నే బయలుదేరండి. అది కుదరకపోతే అప్పుడే చంపిన చేపను ప్లాస్టిక్ సంచిలో కట్టి, ఐసు ముక్కల మధ్య పెట్టండి. ఐసు నేరుగా తగలకూడదు, గడ్డకట్టించకూడదు. వేరే సీసాలో లీటరు చెరువు నీళ్ళు, ఒక కాగితం మీద గత నెలలో పెట్టిన మేత, మందుల పేర్లు, తేదీలు. ప్యాకెట్ చింపి పారేసి ఉంటే గట్టు మీద వెతకండి, సాధారణంగా అక్కడే ఉంటుంది.